పరుగు పందెం పిస్టల్‌కు కొత్త గొట్టం

ఎన్నికలు ప్రకటించారంటే మా సార్ తన పిస్టల్‌ను పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి రావాలి. లైసెన్సు ఉన్న ఆయుధం ఎవరింట్లో ఉన్నా అదే పద్ధతి. ఓట్ల లెక్కింపు అయిపోయాక మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవాలి. ప్రతిసారీ ఆయన చిలకలగూడ ఇంటి నుంచి ఒక్కరే నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చేవారు. ఈసారి మాత్రం, కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదని, తోడు రమ్మని నాకు ఫోన్ చేశారు. స్కూటీ మీద తీసుకెళ్ళాను. పిస్టల్ ఉన్న గుడ్డసంచీని వెనక కూర్చుని ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా రెండు చేతులతో పట్టుకునే ఉన్నారు.

సార్ అంటే నాకు పరుగు నేర్పిన మనిషి. నేను మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. మా నాన్న లోకో షెడ్‌లో ఫిట్టర్. మా క్వార్టర్స్ వెనక గ్రౌండ్‌లో సాయంత్రం పూట ఆడపిల్లలకు పరుగు నేర్పే కోచ్ ఆ రోజుల్లో ఆయన ఒక్కరే. ఆయన చేతి కింద రెండు వందల మీటర్లు పరుగెత్తాను, కొన్ని కప్పులు తెచ్చాను, మోకాలు దెబ్బ తిన్నాక మానేసి పీఈటీ శిక్షణ తీసుకున్నాను. ఇప్పుడు తిరుమలగిరిలో ఒక స్కూల్లో పిల్లల చేత ఆటలాడించడం నా ఉద్యోగం. సార్ ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. అయినా ఊళ్ళో ఏ స్కూళ్ళ మీట్ జరిగినా పందెం మొదలుపెట్టడానికి, అంటే స్టార్టర్‌గా, ఆయన్నే పిలిచేవాళ్ళు. పిస్టల్ ఉన్న స్టార్టర్ మా వైపు ఇంకొకరు లేరు.

అది బొమ్మ పిస్టల్ కాదు. ఎప్పటిదో విదేశీ సరుకు. చెక్క పిడి అరిగి నున్నబడింది, చేసినవాళ్ళ పేరు చెరిగిపోయింది. మధ్యకు మడిచి, ఒక్కసారికి ఒక్క తూటానే పెట్టాలి. వయసులో ఉన్నప్పుడు సార్ మిలిటరీ గ్రౌండ్‌లో మీట్లకు సాయం చేసేవారట. అక్కడ స్టార్టర్‌గా ఉండే ఒక అధికారి బదిలీ మీద వెళ్ళిపోతూ, లైసెన్సు ఈయన పేరు మీదికి మార్పించి, పిస్టల్‌ను ఈయన చేతిలో పెట్టి వెళ్ళిపోయాడట. పందేల్లో దాంట్లో పెట్టేది మందు మాత్రమే ఉండి గుండు లేని ఖాళీ తూటా. చప్పుడు వస్తుంది, పొగ వస్తుంది, అంతే.

ఆయన పందెం మొదలుపెట్టే తీరు చూడటానికే మేము ముందుగా వెళ్ళి కూర్చునేవాళ్ళం. పిస్టల్ మడిచి, గొట్టాన్ని కంటికి పెట్టుకుని అందులోంచి ఆకాశాన్ని చూసేవారు. తర్వాత జేబులోంచి ఒక తూటా తీసి బొటనవేలితో దాని కొన నిమిరి, లోపల పెట్టి, టక్కున మూసేవారు. చెయ్యి నిటారుగా పైకెత్తి, చూపు కూడా పిస్టల్ మీదే నిలిపి, "సెట్" అనేవారు. ఆ క్షణంలో ఆయనంత ధైర్యమైన మనిషి లోకంలో ఉండడని నాకు అనిపించేది. భుజం పట్టేశాక ఆ పని నాకు అప్పజెప్పినప్పుడు, నేను కూడా గొట్టంలోంచి ఆకాశం చూడటంతో సహా అన్నీ అలాగే చేశాను. తూటాలు మాత్రం ఆయన నాకు ఇచ్చేవారు కాదు. పక్కనే నిలబడి, ఒక్కొక్క పందేనికి ఒక్కొక్కటి తన జేబులోంచే తీసి, నిమిరి, ఇచ్చేవారు. ఈ వయసులో కూడా నామీద నమ్మకం లేదు కాబోలని లోపల కొంచెం నొచ్చుకునేదాన్ని.

స్టేషన్‌లో ఎస్సై చిన్నవాడు, మర్యాదస్తుడు. సార్‌కు కుర్చీ వేయించాడు. సంచీలోంచి పిస్టల్ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. సార్ సంతకం పెట్టడానికి ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి బల్ల మీద పెట్టుకోవడం గమనించాడు.

"చెయ్యి లేస్తలేదా సార్? మరి గ్రౌండ్‌ల ఎవరు కాలుస్తుండ్రు?"

నేను గర్వంగానే చెప్పాను. "సార్‌కు భుజం పట్టేసినప్పటి నుంచి నేనే సార్."

ఎస్సై పెన్ను కింద పెట్టేశాడు.

"మేడమ్, లైసెన్సు ఈ సార్ పేరు మీద ఉన్నది. మీరెట్ల కాలుస్తరు?"

"ఉత్త బ్లాంకే కదా సార్. పందెం షురూ చేసెతందుకు."

"మీరు పెట్టేది బ్లాంకే. కానీ ఈ గొట్టం చూడుండ్రి, ఈ కొస నుంచి ఆ కొసకు ఖుల్లా ఉన్నది. ఎవరన్న నిజం తూటా పెడితే సుత పోతది. చట్టం దీన్ని ఆయుధమనే అంటది. అది మీ చేతిల ఉంటే మీకు తక్లీఫ్, సార్‌కు ఇంకా తక్లీఫ్."

ఎస్సై గొంతు తగ్గించి, ఏం చేయవచ్చో విడమరిచి చెప్పాడు. పిస్టల్ సార్ ఒక్కరే వాడాలి. లేదంటే సర్కారుకు అప్పజెప్పేయాలి, వాళ్ళు ముక్కలు చేయిస్తారు. ఈ రెండూ వద్దనుకుంటే, లైసెన్సు ఉన్న మరమ్మతుదారు చేత గొట్టం తీయించి, తూటా ఏ విధంగానూ పోలేని గట్టి గొట్టం వేయించాలి. పాత గొట్టాన్ని పోలీసుల ఎదుట కోయాలి. అప్పుడు పైఆఫీసు వాళ్ళు దాన్ని ఆయుధాల లెక్కలోంచి తీసేస్తారు. ఆ తర్వాత ఎవరు వాడినా అభ్యంతరం ఉండదు.

బయటికి వచ్చాక సార్ స్కూటీ ఎక్కకుండా ఆగారు.

"ఇచ్చేద్దాం తియ్యి, బిడ్డా. వాళ్లనే పగలగొట్టుకొమ్మను."

ఆ మాట నాకు చురుక్కుమంది. నా నోటి తొందర వల్లే ఇదంతా జరిగిందని, ఆ కోపంతోనే అలా అంటున్నారని అనుకున్నాను. "అట్ల ఎందుకు సార్, గొట్టం మార్పిస్తే అయిపోతది కదా" అన్నాను. ఆయన స్కూటీ ఎక్కి కూర్చున్నారు.

ఆ తర్వాత ఎన్నికలు అయ్యేదాకా నేను చెక్కపలకలతో పిల్లలకు ప్రాక్టీసు పెట్టాను. రెండు పలకలను టప్పున కొడితే చప్పుడు వస్తుంది, పిల్లలు పరుగెత్తుతారు. వచ్చిన చిక్కల్లా గడియారాల దగ్గర. వంద మీటర్ల అవతల, ముగింపు గీత దగ్గర స్టాప్‌వాచ్‌లు పట్టుకుని నిలబడేవాళ్ళు చప్పుడు విని బటన్ నొక్కకూడదు. చప్పుడు అంత దూరం వెళ్ళేసరికి ఆలస్యమవుతుంది. వాళ్ళు పిస్టల్ పొగ చూసి నొక్కాలి. చెక్కపలకలకు పొగ ఉండదు. మా స్కూల్లో లెక్కల టీచరు ఎప్పుడూ నాకు గడియారం పట్టేది. "నీ చేతులు కలిసినయో లేదో ఇక్కడికి కనపడి చస్తలేదే" అని ఆమె రోజూ గొడవ. హెడ్మాస్టర్ లౌడ్‌స్పీకర్‌లో కూత పెట్టే యంత్రం కొందామన్నారు. అది వచ్చేదాకా చలికాలం మీట్ ఆగదు. పైగా నాకు ఆ పిస్టల్ పోవడం ఇష్టం లేదు. నా మొదటి పందెం మొదలైన చప్పుడు అది. అది ముక్కలైపోతుందంటే నా చిన్నతనం కొంత పోయినట్టే అనిపించింది.

అందుకని పట్టు వదలలేదు. ఆదివారాలు చిలకలగూడ వెళ్ళి సార్ దగ్గర కూర్చుని నచ్చజెప్పాను. ఆయన భార్యను నేను ఆంటీ అంటాను. ఆమె చాయ్ ఇచ్చి, మా మాటలు వింటూ గడప దగ్గర నిలబడేది కానీ మధ్యలో కల్పించుకునేది కాదు. ఒక ఆదివారం సార్ హఠాత్తుగా అడిగారు.

"గొట్టం మారిస్తే ఇగ దాంట్లకెళ్లి ఏం పోదా? ఎట్ల పెట్టినా పోదా?"

"పోదు సార్. ఎస్సై చెప్పిండు కదా."

"ఎస్సై చెప్పుడు కాదు. చేసేటోని నోటితోని ఇనాలె నేను. నడువు, అడుగుదాం."

ఓట్ల లెక్కింపు అయ్యాక పిస్టల్ తిరిగి తెచ్చుకుని, అనుమతి కాగితాలు పట్టుకుని, రాణిగంజ్ దగ్గర ఒక సందులోకి వెళ్ళాం. పంపుసెట్లు, బేరింగులు అమ్మే దుకాణాల మధ్య పాతకాలపు తుపాకుల దుకాణం. యజమానిది దాదాపు నా వయసే. వాళ్ళ తాత నుంచి అదే పని. నవ్వుమొహం, మాటకారి. నల్గొండ వైపు ముస్లిం కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడతామని కూర్చోగానే చెప్పాడు. పిస్టల్ చేతిలోకి తీసుకుని మడిచి, ముక్కుకు దగ్గరగా పెట్టుకుని వాసన చూశాడు.

"మంచిగ చూసుకున్నరు సాబ్. తుప్పు మచ్చ సుత లేదు. కానీ ఉరుకుడు పందాలకు పిస్టల్ ఏంది? సీటీ కొడితే అయిపాయె కదా!"

"సీటీకి పొగ వస్తదా భాయ్?" అన్నారు సార్.

పొగ సంగతి విని అతను చాలా ఆశ్చర్యపోయాడు. పరుగు పందెం ఎప్పుడూ చూడలేదట. ఇనుప కడ్డీ నుంచి కొత్త గొట్టం తయారు చేస్తానని, ముందు వైపు పూర్తిగా మూసే ఉంటుందని, చప్పుడూ పొగా బయటికి రావడానికి పక్కన చిన్న సందు వదులుతానని చెప్పాడు. సార్ మళ్ళీ అదే ప్రశ్న అడిగారు.

"తూటా పోదు గదా? పొరపాటున నిజం తూటా పెట్టినా?"

"లోపల తొవ్వ ఉంటే కదా సాబ్ పోనీకి. అసలు తూటా లోపల కూసోదే. ఉత్త బ్లాంకులకే సరిపోయేటట్టు చేస్త."

"గుద్ది పెడితే?"

"గుద్దినా పోదు."

దుకాణంలోంచి దిగే లోపల ఆ ప్రశ్న ఇంకో రెండు రకాలుగా అడిగారు. పాపం, పెద్దాయనకు మనసొప్పడం లేదన్నట్టు ఆ మరమ్మతుదారు నా వైపు చూసి తల ఆడించాడు. నేనూ అదే అనుకున్నాను.

పాత గొట్టం కోసే రోజు స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్ సాక్షిగా వచ్చాడు. మరమ్మతుదారు గొట్టాన్ని బల్ల మీది ఇనుప వైస్‌లో బిగించి, రంపపు బ్లేడుతో కోయడం మొదలుపెట్టాడు. పాత ఉక్కు. తొందరగా తెగలేదు. మధ్యలో నూనె చుక్కలు వేస్తూ, బ్లేడు మారుస్తూ, చెమట తుడుచుకుంటూ కోస్తున్నాడు. బయట సందులో ట్రాలీల రొద. సార్ స్టూలు మీద కూర్చుని కళ్ళార్పకుండా చూస్తున్నారు. ముక్క తెగి కింద రేకు పళ్ళెంలో టంగుమని పడింది. సార్ భుజాలు ఒక్కసారి కిందికి జారాయి.

నేను బాటిల్ మూత తీసి నీళ్ళు ఇచ్చాను. "బాధపడకండి సార్" అన్నాను.

ఆయన నా వైపు విచిత్రంగా చూశారు. "బాధనా? నాకు బాధ ఏంది?"

నీళ్ళు తాగి, పళ్ళెంలో ముక్కను వేలితో ముట్టుకుని చూశారు. వేడిగా ఉన్నట్టుంది, వెంటనే వెనక్కి తీసుకున్నారు.

"నేను ఒక్కనాడు సుత భయం లేకుండ దీన్ని నొక్కలే, బిడ్డా."

"భయమా? మీకా?"

"గా మిలిటరీ సాబ్ దీన్ని ఇచ్చినప్పుడు బ్లాంకుల డబ్బా సుత ఇచ్చిండు. ఇంటికి తెచ్చి చూస్తే ఆ డబ్బాల నిజం తూటాలు కొన్ని కలిసి ఉన్నయి. ఆయన యాది మరిచి పెట్టిండో ఏమో. ఏరి తీస్కపోయి స్టేషన్ల ఇచ్చిన. అన్ని ఏరిన్నా లేదా? ఒకటేమన్న ఉండిపోయిందా? గా డబ్బా ఎప్పుడో అయిపోయింది, కొత్త డబ్బాలు వచ్చినయి. అయినా మనసుల పోలే. ముంగట పిల్లలు, చుట్టూ మిద్దెల మీద నిలబడి చూసేటోళ్లు. పైకి పోయింది ఏడనో ఓ కాడ పడాలె గదా."

"మరి ఆ గొట్టంలకెళ్లి ఆకాశం చూసుడు..."

"ఏమన్న ఇరుక్కున్నదా అని చూసెటోన్ని. నువ్వేమనుకున్నవ్?"

తూటా కొన ఆయన ఎందుకు నిమిరేవారో, ఒక్కొక్కటే ఎందుకు చేతికిచ్చేవారో అప్పుడు అర్థమైంది. నేను అదే పిస్టల్‌ను పెళ్ళిలో బాణసంచా కాల్చినంత తేలికగా కాల్చాను.

"అంత భయమైతే ఎందుకు మానలేదు సార్?"

"నేను ఉరికే కాలంల చప్పట్లు కొట్టి షురూ చేసెటోళ్లు. ఓ పెద్ద మీట్ల నాకు ఆఖరి లైన్ వచ్చింది. జనం లొల్లిల చప్పట్లు ఇనపడలే. అందరు ఉరికినంక ఉరికిన. గా సంగతి యాది మరువలే." కొంచెం ఆగి అన్నారు. "పిల్లలకు గట్ల కావద్దంటే ఎవరన్న దీన్ని పట్టుకోవాలె గదా."

కానిస్టేబుల్ ముక్కలను కాగితంలో చుట్టి, సీలు వేసుకుని వెళ్ళిపోయాడు. మరమ్మతుదారు రంపం పక్కన పెట్టేసి, ఎదురు దుకాణం నుంచి అందరికీ చాయ్ చెప్పాడు. ఈసారి తనే సార్ వైపు వంగి అన్నాడు. "సాబ్, నా జబాన్. ఇంక దీంట్లకెళ్లి చీమ సుత బయటికి రాదు."

కొత్త గొట్టం వచ్చాక మా స్కూల్ గ్రౌండ్‌లో పరీక్షించాం. చుట్టుపక్కల మిలిటరీ వాళ్ళు ఉంటారు కాబట్టి ముందే కబురు పంపించాం. లెక్కల టీచరు వంద మీటర్ల అవతల గడియారం పట్టుకుని నిలబడింది. నేను చెయ్యి పైకెత్తి నొక్కాను. చప్పుడు పాతదానికన్నా పొట్టిగా, గట్టిగా వచ్చింది. పొగంతా పక్క సందులోంచి వచ్చి నా మొహం మీద పడింది. దగ్గుతూ కళ్ళు తుడుచుకుంటుంటే అటు చివరి నుంచి కేక వినిపించింది.

"కాల్చినవా? ఎప్పుడు కాల్చినవ్?"

సార్ నవ్వారు. స్టేషన్‌కు వెళ్ళిన నాటి నుంచి ఆయన నవ్వడం అదే మొదటిసారి.

మళ్ళీ రాణిగంజ్ వెళ్ళాం. పొగ వచ్చే సందు పక్కకు ఉండకూడదని, పైకి ఉండాలని సార్ చెప్పారు. మరమ్మతుదారు ఒప్పుకోలేదు.

"పైకి పెడితే పొగ మేడమ్ టోపీ మీదికి పోతది సాబ్. పక్కకుంటేనే సాఫ్ ఉంటది."

"భాయ్, ముందు మూసినంక గొట్టం ఆకాశం దిక్కు పట్టే పని లేదు. చెయ్యి పైకెత్తి పిస్టల్ అడ్డంగ పడతం. జెర చూడు," అని సార్ లేచి నిలబడి, కుడి చెయ్యి లేవక, ఎడమ చేత్తో చూపించారు. అతనికి అర్థం కాలేదు. అతను దుకాణంలోంచి బయటికి వచ్చి సందులో అటు చివరిదాకా వెళ్ళి నిలబడి, నన్ను పట్టుకుని చూపించమన్నాడు. ఖాళీ పిస్టల్‌ను సందులో ఎత్తితే జనం పరేషాన్ అవుతారని నేను దాని బదులు గొడుగును అడ్డంగా పట్టి ఎత్తాను. బేరింగుల దుకాణం వాళ్ళు పని ఆపి మరీ చూశారు. అటు చివర నుంచి అతను తల ఊపుతూ వచ్చాడు.

"సమజ్ అయింది. గడియారం పట్టెటోడు చూసేది ఇది అన్నట్టు. తప్పు నాదే సాబ్. నేను కాల్చెటోని గురించే సోంచాయించిన."

రెండోసారి చేసింది సరిగ్గా కుదిరింది. పొగ తెల్లటి పిలకలా నిటారుగా లేచింది. పైఆఫీసుకు చూపించాం. వాళ్ళు కొలిచి, లోపలికి సన్నటి ఇనుప పుల్ల పెట్టి చూసి, ముద్ర వేసి ఇచ్చారు. ఆ మధ్యాహ్నం చిలకలగూడలో సార్ ఇంటికి తిరిగి వచ్చి, పిస్టల్ ఉన్న సంచీని ఎప్పటిలాగే బీరువాలో పెట్టబోతుంటే ఆంటీ అడ్డం వచ్చింది.

"ఇగ లోపల ఎందుకు? ఇటియ్యి."

తీసుకుని భోజనాల బల్ల మీద పెట్టింది. కాసేపు దాన్నే చూసి, కొంగుతో పిడి తుడిచింది. ఇన్నేళ్ళలో ఆమె దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారని సార్ తర్వాత చెప్పారు. ఇంటికి చిన్నపిల్లలు వస్తే బీరువా తాళాలు ఆమె నడుముకే ఉండేవట. మీట్ ఉన్న రోజు ఆయన ఇంటికి చేరేదాకా అన్నం తినేది కాదట. నేను ఎన్నిసార్లు ఆ ఇంటికి వెళ్ళానో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఆ సంగతి నా కంట పడలేదు.

"ముట్టుకోకు, నూనె అంటుతది" అన్నారు సార్.

"అంటనియ్యి. ఉత్త ఇనుమే గదా ఇప్పుడు," అని ఆమె పిస్టల్ పక్కనే పళ్ళెం పెట్టి నాకు అన్నం వడ్డించింది.

చలికాలం మీట్ మా గ్రౌండ్‌లోనే జరిగింది. చుట్టుపక్కల స్కూళ్ళన్నీ వచ్చాయి. మరమ్మతుదారును సార్ పిలిచారు. అతను భార్యను వెనక కూర్చోబెట్టుకుని స్కూటర్ మీద పొద్దున్నే వచ్చాడు. ఎక్కడ కూర్చోబెట్టినా ఉండకుండా ముగింపు గీత దగ్గర గడియారాల వాళ్ళ వెనక వెళ్ళి నిలబడ్డాడు. పొగ లేచిన ప్రతిసారీ "అదిగో!" అని అరుస్తున్నాడు. లెక్కల టీచరు విసుక్కుని అతని చేతికి కూడా ఒక గడియారం ఇచ్చింది.

గడియారాల వాళ్ళకు దూరం నుంచి కనపడేలా స్టార్టర్లు వేసుకునే ఎర్ర కోటు వేసుకుని నేను పందేలు మొదలుపెడుతున్నాను. తూటాల డబ్బా పక్కన స్టూలు మీద ఉంది. సార్ షామియానా కింద కూర్చున్నారు కానీ నా దగ్గరికి రాలేదు. ఒక్క తూటా కూడా ఆయన చేత్తో ఇవ్వలేదు. ఆడపిల్లల వంద మీటర్లు వచ్చేసరికి మాత్రం మెల్లగా లేచి వచ్చారు.

"ఇదొక్కటి నాకియ్యి."

"భుజం సార్..."

"ఇంకో చెయ్యి ఉన్నది గదా."

కోటు విప్పి ఇవ్వబోతే వద్దన్నారు. ఎర్ర గుడ్డ ఒకటి మోచేతికి కట్టాను. పిస్టల్ ఎడమ చేతిలోకి తీసుకుని, డబ్బాలోంచి చూడకుండానే ఒక తూటా తీసి పెట్టారు. పిల్లలు గీత దగ్గర నిలబడ్డారు. ఆయన "ఆన్ యువర్ మార్క్స్" అన్నారు. గొంతు వయసుకు కొంచెం సన్నబడింది కానీ చివరి లైనుదాకా వినిపించింది. "సెట్" అని చెయ్యి ఎత్తారు. ఆయన కళ్ళు పిస్టల్ మీద లేవు. పిల్లల మీద ఉన్నాయి. చివరి లైనులో ఒక పిల్ల కదలడంతో చెయ్యి దించి, విజిల్ వేసి, అందర్నీ లేపి, దగ్గరికి వెళ్ళి ఆ పిల్లతో ఏదో అన్నారు. ఆ పిల్ల నవ్వింది. మళ్ళీ వంగారు. ఈసారి చప్పుడు, పొగ, అడుగుల దుమారం అన్నీ ఒక్కసారే లేచాయి.

పిల్లలు ముగింపు దాటి అరుస్తున్నా సార్ అక్కడే నిలబడి, వాళ్ళు బయలుదేరిన చోటునే చూస్తున్నారు. పిస్టల్ నా చేతికి ఇస్తూ అన్నారు.

"ఇన్నేండ్లల్ల నేను షురూ అయ్యేది చూడనే లేదు, బిడ్డా. చూపంతా దీని మీదనే ఉండె. ఎంత మంచిగ లేస్తరు వీళ్లు!"

తర్వాతి పందెం పిల్లలు గీత మీదికి వస్తున్నారు. "పక్కన కూర్చుని చూడండి సార్" అని కుర్చీ తెప్పించి ట్రాక్ పక్కనే వేయించాను. మధ్యాహ్నం ఎండ పెరిగేదాకా ఆయన అక్కడి నుంచి కదలలేదు. భోజనాలయ్యాక షామియానా కింద నిద్రపోయారు. రిలేలు, చిన్నపిల్లల చెమ్చా-నిమ్మకాయ పందెం నేనే నడిపించాను. మరమ్మతుదారు వెళ్ళేముందు, గడియారాల పనికి మళ్ళీ ఎప్పుడు పిలుస్తారని లెక్కల టీచరును అడిగి ఆమె ఫోన్ నంబరు తీసుకున్నాడు.

సాయంత్రం సార్‌ను ఇంటి దగ్గర దింపాను. ఆంటీ తలుపు తీస్తూనే ఎవరు గెలిచారని అడిగింది. ఎవరు గెలిచారో సార్‌కు తెలియదు, ముగింపు వైపు ఆయన చూడలేదు. చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి, ఒక్కొక్క పిల్ల ఎలా లేచిందో ఆమెకు చెప్పడం మొదలుపెట్టారు. ఒక పిల్ల తల ముందు లేచిందట, అలా లేవకూడదట. నల్లగా పొట్టిగా ఉన్న ఇంకో పిల్ల కప్ప ఎగిరినట్టు ఎగిరిందట, దానికి నేర్పితే బాగా వస్తుందట. "ఏ స్కూలో కనుక్కో, నేను మాట్లాడుత" అన్నారు నాతో. కనుక్కుంటానన్నాను. ఆంటీ ఆయన మోచేతికి ఇంకా కట్టే ఉన్న ఎర్ర గుడ్డ ముడి విప్పుతూ, ఆ పొట్టి పిల్ల ఏ కాలు ముందు పెట్టిందని అడిగింది.